అక్షరములకడ తడబడు బిడ్డ

మాటలు నేర్చుటకు బిడ్డకు బడి అక్కరలేదు. ఇంటివారి నడుమ వినుచు వినుచునే పలుక నేర్చును. చదువు అట్టిది కాదు. వ్రాత మానవుడు సుమారు 5,000 ఏండ్ల క్రిందట కల్పించుకొన్న విద్య. ప్రతి బిడ్డయు దానిని ఒకరివలన నేర్చుకొనవలసినదే. కొందరు పిల్లలు తెలివిలో ఎవరికిని తీసిపోకున్నను, అక్షరములకడ ఏండ్ల తరబడి తడబడుచుందురు. ఈ పఠనదోషమునకే డిస్లెక్సియా అని పేరు.

1896లో ఇంగ్లండునందలి సీఫర్డ్ వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ ఇట్టి యొక బాలుని వృత్తాంతమును ప్రకటించెను. బాలునకు 14 ఏండ్లు. చూపులో లోపము లేదు. 749ని 867తో త్వరగా, తప్పులేక హెచ్చవేసెను. కాని ఏడవయేటనుండి చదువు చెప్పించినను చిన్న మాటలను సైతము చదువలేకుండెను. తన పేరులోని అక్షరములనే తారుమారుగా వ్రాసెను. పాఠములన్నియు నోటితోనే చెప్పినచో బడిలో ఇతడే మిన్నయగునని ఉపాధ్యాయుడు తలచెను.

ఆనాటి వైద్యులు దీనిని పదముల విషయమైన అంధత్వమనిరి. తరువాతి పరిశోధనలవలన, పెక్కుమందిలో చిక్కు కంటిలో లేదనియు, మాటలోని ధ్వనులను విడదీసి గుర్తించి అక్షరములతో జతపరచుటలో ఉన్నదనియు తేలినది. 1983లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రాడ్లీ, బ్రయంట్ అనువారు ధ్వనులను పోల్చలేని పిల్లలకు రెండేండ్లు శిక్షణ నిచ్చిరి. ధ్వనులతోపాటు అక్షరములను కూడ చేర్చి నేర్పిన పిల్లలే చదువులో ఎక్కువ ముందంజ వేసిరి.

మన లిపిలోను ఈ చిక్కు కలదు. 'స్త్రీ' అను మాటను చూడుడు. ఈకారపు గుర్తు సకారముపైన నుండును. తకార రేఫములు దాని క్రిందను ప్రక్కను ఒదిగియుండును. అయినను పలుకునపుడు ఈకారము చివర వచ్చును. కంటికి తోచు వరుస వేరు, నోటికి వచ్చు వరుస వేరు. ధ్వనులను విడదీయలేని బిడ్డ ఇచ్చట నిలిచిపోవును.

రెండేండ్లు బడికి పోయినను గుణింతపు గుర్తులను, ఒత్తులను తరచు విడుచుట. మొదటి అక్షరము చూచి తక్కినది ఊహించుట. నోటితో చక్కగా ఉత్తరమిచ్చి, వ్రాయుమనగా వెనుదీయుట — ఇవి గమనింపదగిన లక్షణములు. ఒకే కుటుంబములో పలువురకు ఈ దోషముండుట కలదు.

ముందుగా బిడ్డ చూపును, వినికిడిని పరీక్ష చేయింపవలెను. అవి సరిగానున్నచో మనస్తత్వ నిపుణునిచే చదువును పరీక్షింపజేయవలెను. దీనిని మాన్పు మందు లేదు. ఓర్పుతో కూడిన బోధనయే సాధనము. 'బడి, గుడి, పలక'లలో ప్రాస కలియని దేదో చెప్పించుడు. 'కి'లో ఏయే ధ్వనులున్నవో పలికించి, వెంటనే వ్రాయించుడు. దినమునకు కొద్దిసేపైనను విడువక సాగింపుడు. కథలను మీరు చదివి వినిపింపుడు. చదువలేనంతమాత్రమున బిడ్డకు జ్ఞానము దూరము కారాదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇట్టి అభ్యసన లోపములను త్వరలో గుర్తించి తగిన బోధన నేర్పరచుమని విద్యాసంస్థలను ఆదేశించుచున్నది. పరీక్షలలో అదనపు కాలమును, వ్రాసిపెట్టు సహాయకుని కూడ పేర్కొనుచున్నది. తల్లిదండ్రులు వీనిని అడిగి పొందవచ్చును.

సోమరియని నిందించుటవలనను, బెత్తమువలనను అక్షరము రాదు. చదువుపై ఏవగింపు మాత్రము మిగులును. బిడ్డ బడి మానకమునుపే అతని కష్టమును గుర్తింపుడు.