త్రేన్పు తక్కువ గొర్రె

మొన్న ఊరెళ్లినప్పుడు దొడ్డిలో పడుకున్న గొర్రెను చూసి మా మనవరాలు అడిగింది: "తాతయ్యా, ఎదురుగా గడ్డిపోచైనా లేదు, ఏం నములుతోంది?"

"పొద్దున గబగబా మింగింది కదమ్మా, ఇప్పుడు తీరిగ్గా పైకి తెచ్చుకుని నములుతోంది. మెడ కేసి చూడు" అన్నాను. నమిలిన ముద్ద కిందికి జారుతుంది. క్షణం ఆగి ఇంకో ముద్ద పైకి పాకుతుంది. మధ్యమధ్యలో చప్పుడు లేని త్రేన్పు ఒకటి. నేను చెప్పబోయేది ఆ త్రేన్పు సంగతే.

గొర్రె మింగిన మేత మొదట చేరే పెద్దపొట్ట అచ్చం గోబర్ గ్యాస్ తొట్టే. గాలి చొరని చోట గడ్డి పులుస్తుంది, హైడ్రోజన్ పుడుతుంది. అక్కడే కాపురముండే ఆర్కియా అనే సూక్ష్మజీవులు ఆ హైడ్రోజన్‌ను బొగ్గుపులుసు వాయువుతో కలిపి మీథేన్ తయారుచేస్తాయి. గొర్రెకు దాంతో పనిలేదు, త్రేన్చి పారేస్తుంది. రోజుకు ఇరవై, పాతిక గ్రాములు. కొంచెమే అనుకోకండి. వందేళ్ల లెక్కన చూస్తే మీథేన్ భూమిని బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 28 రెట్లు వేడెక్కిస్తుంది.

మనిషికి నాలుగు గొర్రెలకు పైగా ఉన్న న్యూజిలాండ్‌లో ఇది రాజకీయం కూడా. మీథేన్ తగ్గించే పరిశోధన ఖర్చుకని 2003లో పశువుల మీద పన్ను వేయబోతే, రైతులు దానికి 'పిత్తుల పన్ను' అని పేరు పెట్టి ఊరేగారు. షేన్ ఆర్డెర్న్ అనే ఎంపీ ఏకంగా పార్లమెంటు మెట్లమీదికే ట్రాక్టర్ ఎక్కించాడు. పన్ను ఆగిపోయింది. పేరు మాత్రం తప్పు. ఆ మీథేన్‌లో నూటికి తొంభై పాళ్ల పైన వచ్చేది నోటి నుంచే!

అక్కడి ఆగ్‌రీసెర్చ్ సంస్థలో సూజన్ రో, జాన్ మెక్‌ఇవాన్, వాళ్ల తోటివాళ్లు వేరే దారి పట్టారు. ఒకే గడ్డి మేసినా అన్ని గొర్రెలూ ఒకేలా త్రేన్చవు. ఆ తేడా పిల్లలకూ వస్తుందా? వస్తే, తక్కువ త్రేన్చే పొట్టేళ్లనే మందలో వదిలితే పోలా?

చిక్కల్లా త్రేన్పును కొలవడంలోనే. ట్రైలర్ మీద పన్నెండు పెట్టెలు బిగించారు. మేతలోంచి తోలుకొచ్చిన గొర్రెను ఒక్కోదాన్ని ఒక్కో పెట్టెలో నిలబెట్టి, గాలి పోకుండా మూసి, ముప్పావుగంటో గంటో ఉంచి, లోపల ఎంత మీథేన్ చేరిందో చూస్తారు. రెండు వారాలాగి మళ్లీ ఒకసారి. ఎక్కువ త్రేన్చేవాటిని ఒక మందగా, తక్కువ త్రేన్చేవాటిని ఇంకో మందగా పెంచుకుంటూ పోతే, మూడు తరాలకే రెంటికీ మధ్య సుమారు పది శాతం తేడా తేలింది.

కారణం చూడండి, నాకు భలే నచ్చింది. తక్కువ త్రేన్చే గొర్రెకు పెద్దపొట్ట చిన్నది. మేత అందులో ఎక్కువసేపు నిలవకుండా ముందుకు సాగిపోతుంది. ఇడ్లీపిండి పొద్దున్నే వాడేస్తే సరే, సాయంత్రం దాకా వదిలేస్తే పొంగి మూత లేపుతుంది కదా, అంతే. పొట్ట చిన్నదైతే జీవం చిక్కిపోతుందేమోనని రైతుల బెంగ. అలాంటిదేమీ కనబడలేదు. ఉన్ని కాస్త ఎక్కువే వచ్చింది.

2019 నుంచి అక్కడ పొట్టేళ్లను పెంచేవాళ్లు మిగతా గుణాలతో పాటు మీథేన్ లెక్క కూడా చూసుకునే వీలు కలిగింది. ఈ దారిలో తగ్గేది ఏడాదికి ఒక శాతం చొప్పునే. నిజమే, నత్తనడక. అయినా కొండల్లో మేసే మందకు మీథేన్ తగ్గించే మందు రోజూ పెట్టడం కన్నా నాకు ఇదే మేలనిపిస్తుంది. ఒకసారి రక్తంలోకి వచ్చిన గుణానికి మళ్లీ ఖర్చు లేదు.

ఇక మన దేశానికొస్తే, 2019 పశుగణనలో గొర్రెల లెక్కన తెలంగాణ మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. రెండూ కలిపి మూడున్నర కోట్ల పైమాటే. మన కాపరులు విత్తనపు పొట్టేలును ఎత్తూ, ఒడ్డూ, కాళ్లూ చూసి ఎంచుతారు. ఆ పెట్టె మన దొడ్డికొస్తే ముందు ఎక్కించాల్సిందీ దాన్నే. ఆడగొర్రె ఈతకు ఒకటో రెండో ఈనుతుంది. ముప్పై గొర్రెల మందకు పొట్టేలు ఒక్కటే.