పాతసామానుల బేరము

గృహిణికి పొదుపు బోధించువారు సామాన్యముగా "కొనవలదు" అని మాత్రమే చెప్పుచుందురు. కొనక తీరని వస్తువును ఎట్లు కొనవలెనో చెప్పువారు అరుదు. బడిపంతులుగారి జీతముతో ఇద్దరు బిడ్డలను పెంచుచున్న మా యింటికి ఈ రెండవ విద్యయే యెక్కువ అక్కరకు వచ్చినది. మా బీరువాయు, కంచు పాత్రలును, పుస్తకములలో సగమును ఒకప్పుడు పరుల యిండ్ల నుండినవే. ఆ యనుభవమున తెలిసినదానిని, మేము చేసిన పొరపాట్లతో సహా, సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

హైదరాబాదు నగరమున ఆదివారమునాడు ఆబిడ్సు వీథిలో మూసియున్న దుకాణముల ముందు, కాలిబాటపై పాతపుస్తకములు పరచి అమ్ముదురు. పురానాపూలు చేరువను గురువారమునాడు జరుగు సంతకు జుమేరాత్ బజారని పేరు. ఉర్దూలో జుమేరాత్ అనగా గురువారమే. అచ్చట తాళముచెవి మొదలు తలుపుచెక్క వరకు సమస్తమును దొరకును. చెన్నపట్టణమున 1900వ సంవత్సరమున వెలసిన మూర్ మార్కెట్టు, 1985లో అగ్నికి ఆహుతియగువరకు, పాతపుస్తకములకు పేరొందియుండెను. అమెరికా దేశమున నున్న మా చెల్లెలు వ్రాయుచుండును గదా: అచ్చట గృహస్థులే వారాంతమున తమ కారుకొట్టము ముందు బల్లలు వేసి, అక్కర తీరిన సామానులు అమ్ముకొందురట, దానికి గరాజి సేలని పేరు. దేశములు వేఱైనను కొనువారు పాటింపవలసిన నియమములు ఇంచుమించుగా ఒక్కటియే.

మొదటి నియమము: ఇంటనుండి బయలుదేరుటకు ముందే, కావలసినది ఏమో, ఎంత కొలతయో కాగితముపై వ్రాసికొనవలెను. చవుకగా దొరకుట వేఱు, అవసరముండుట వేఱు. మేము బీరువాను కొన్ననాడు ధరను చూచితిమి గాని గుమ్మమును కొలువలేదు. అది ద్వారబంధము కంటె నాలుగంగుళములు వెడల్పై, రెండు దినములు వాకిట నుండి, ఒక వానకు తడిసినది. వడ్రంగిని పిలిచి, విప్పించి, లోన మరల బిగింపించు నప్పటికి బేరములో మిగిలినదంతయు కూలికే సరిపోయెను. నాటినుండి మా సంచిలో కొలతపట్టీ లేనిదే గడప దాటుట లేదు.

రెండవది వేళ. ఉదయముననే వెళ్లినచో మేలైన వస్తువులు ఏఱుకొనవచ్చును. సాయంకాలమున, మూటలు కట్టుకొను సమయమున వెళ్లినచో ధర తగ్గును గాని, ఏఱుకొనుటకు మిగులునది స్వల్పము. ఏది కావలెనో తెలిసి వెళ్లువారు ఉదయమున పోవుట మంచిది.

ఇక పరీక్ష. కంచు రాగి తగరముల మిశ్రమము. ఇత్తడి రాగి యశదముల మిశ్రమము. మంచి కంచుపాత్రను అరచేత నుంచి వ్రేలితో మీటినచో గంటవలె నిలిచి మ్రోగును. బీటవాఱినదైనచో ధ్వని బొంగురుపోవును. బిడ్డల యాటవస్తువులలోని చిన్న అయస్కాంతమును వెంట తీసికొనిపొండు. ఇత్తడికిని కంచుకును అది అంటదు. పైపూత పూసిన యినుమునకు అంటును. బిందెను వెలుగునకెత్తి లోపలికి చూచినచో సూదిరంధ్రములు కనబడును. అడుగున మాటు వేసిన గుర్తులున్నచో ధర తగ్గించి అడుగవచ్చును. మాటు ఏ లోహముతో వేసిరో తెలియనిచో ఆ పాత్రను వంటకు వాడక పూలకుండీగా నుంచుకొనుటయే క్షేమము.

కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో చింతపండు పులుసు గాని మజ్జిగ గాని ఉంచరాదు. పులుపు తగిలి లోహము కరగి ఆహారమున చేరును. కళాయి వేయువారు పాత్రను వేడిచేసి, నవాసాగరము చల్లి, తగరమును కరగించి గుడ్డతోనో దూదితోనో లోపల పులుముదురు. ఆ తగరమున సీసము కలియరాదు. సీసము ఎవరికిని మంచిది కాదు, విశేషించి పసివారి మెదడునకు చెఱుపు చేయును. కావున నమ్మకస్థునిచేతనే కళాయి వేయింపవలెను. ఆ ఖర్చును కూడ కలిపి చూచుకొన్న పిమ్మటనే పాత్ర చవుకయో కాదో తేలును.

కొయ్యసామానునకు శత్రువులు మూడు: చెద, పురుగు, నల్లి. కుర్చీని తలక్రిందుచేసి కాళ్లను తట్టినచో, సన్నని పొడి రాలినయెడల లోన పురుగున్నదని గ్రహింపవలెను. మంచముల యతుకులలో నల్లమచ్చలున్నచో అవి నల్లుల జాడలు. ఎంత చవుకయైనను అట్టిది ఇంటికి తేరాదు. వస్త్రములను మడతల చోట వెలుగునకు పట్టి చూడవలెను. చీర ముందుగా చినుగునది మడతలోనే.

పుస్తకమునకు అట్టకంటె పుటలు ముఖ్యము. మొదటి పుటలును తుది పుటలును ముందుగా ఊడిపోవును; అవి చూచుకొని, నడుమ పుటసంఖ్యలు తప్పకున్నవో లేదో త్రిప్పి చూడవలెను. ఇంటికి తెచ్చిన పుస్తకమును వెంటనే తక్కిన వానితో చేర్పక, కొన్నాళ్లు వేఱుగా నుంచి, నీడపట్టున గాలి తగులునట్లు ఆరవేసి, పురుగు లేదని తేలిన పిమ్మటనే అలమారున పెట్టవలెను.

కొనరానివి కూడ కొన్ని కలవు. మోటారుసైకిలు తొక్కువారి శిరస్త్రాణము ఒకమారు దెబ్బతిన్నచో పైకి కనబడకున్నను పనికిరాదు. సొట్టపడిన ప్రెషరు కుక్కరును, తీగ చీలిన విద్యుత్ సామానును ముట్టరాదు. పసిబిడ్డల మంచముల విషయమున మఱియు జాగ్రత్త వలయును. ప్రక్కచట్రము క్రిందికి జాఱునట్టి ఊయలమంచములలో చిక్కుకొని శిశువులు మరణించినందున, అమెరికాలో 2011వ సంవత్సరమునుండి వాని విక్రయమునే నిషేధించిరి. పాతవానిని అమ్ముటకు కూడ వీలులేదు. మరియు, మిక్కిలి క్రొత్తదియై మిక్కిలి చవుకగా వచ్చిన వస్తువును శంకింపవలెను. చోరసొత్తని తెలిసి కొనుట మన దేశమున శిక్షార్హమైన నేరము.

ఇంతవరకు చెప్పినది కొనువారి లాభమును గూర్చి. ఇక అమ్మువారిని గూర్చి ఒక్క మాట.

కొన్నియేండ్ల క్రిందట మా మామగారికి జబ్బు చేసినపుడు, మా అమ్మ సారెగా ఇచ్చిన ఇత్తడి గంగాళమును అమ్మవలసివచ్చెను. కొన్నవాడు దానిపై చెక్కియున్న పేరును చూడలేదు. త్రాసులో వేసి తుక్కుధర కట్టెను. అతడు మోసము చేయలేదు. అయినను, ఆ గంగాళము వెల అతనికి తెలియుననియు, మా తొందరయు అతనికి తెలియుననియు మేమెఱుగుదుము. ఆ రాత్రి అన్నము సహింపలేదు.

అట్టి మేమే, గత సంవత్సరమున ఒక ఆదివారము, ఆబిడ్సులో శబ్దరత్నాకరము పాతప్రతి నొకదానిని చూచితిమి. బహుజనపల్లి సీతారామాచార్యులవారి ఆ నిఘంటువు 1885లో తొలుత అచ్చుపడినది. బాల్యమున మా తాతగారు ఒడిలో పెట్టుకొని మాకు అర్థములు చెప్పినది దానిలోనుండియే. అమ్ముచున్నవాడు పదునాలుగేండ్ల కుఱ్ఱవాడు. "అరువది రూపాయలిమ్మా" అనెను. మేము అలవాటుచొప్పున "నలుబది" అంటిమి. వాడు పుస్తకమువంకయైన చూడక ఇచ్చివేసెను.

ఇంటికి వచ్చి సంతోషముతో పంతులుగారికి చూపితిమి. వారు పుటలన్నియు త్రిప్పి, సరిగా నున్నవని చెప్పి, "గంగాళము కొన్నవాడు కూడ ఇట్లే సంతోషించియుండును" అనిరి. అంతకుమించి ఏమియు అనలేదు.

మరుసటి ఆదివారము మఱికొంత సొమ్ము తీసికొని వెళ్లితిమి. ఆ చోట వేఱొకరు పుస్తకములు పరచియుండిరి. కుఱ్ఱవానిని గూర్చి అడుగగా తెలియదనిరి.

బేరమాడుట తప్పని మేమనము. సంతలో వ్యాపారి చెప్పు ధర బేరమునకే చెప్పును. గృహిణి తగ్గించి అడుగుటయు న్యాయమే. కాని వృత్తిగా అమ్మువాడు వేఱు, అక్కర తఱుముగా అమ్ముకొనువారును, వెల తెలియని పసివారును వేఱు. మొదటివానితో ఎంతయైన బేరమాడవచ్చును. రెండవవారితో బేరమాడునపుడు, అదే వస్తువు మనమమ్మవలసివచ్చినచో ఎంత కోరుదుమో తలచుకొనవలెను. అట్లు తలచుకొన్నందున మాకు ఇప్పటివరకు వస్తువొకటికి పదియో ఇరువదియో రూపాయలు ఎక్కువ పడినవి. ఇంటి లెక్కలు దానివలన తలక్రిందులు కాలేదు.

శబ్దరత్నాకరము మా బల్లపై నున్నది. మా అమ్మాయి దినమునకొక పదము చూచుచున్నది. ఆదివారము ఆబిడ్సునకు వెళ్లినపుడెల్ల ఆ చోటివంక ఒకమారు చూచి వచ్చుచున్నాము.