నురుగు రాని నీరు

ఉద్యోగరీత్యా తెలుగునాడు విడిచి ఢిల్లీ పరిసరములకు చేరిన కుటుంబములకు ఆ ఊరి నీరు మొదట వంటింటిలోనే పరిచయమగును. కందిపప్పు ఎంతసేపటికిని మెత్తబడదు. సబ్బు ఎంత రుద్దినను నురుగు రాదు. కడిగి బోర్లించిన స్టీలు గ్లాసులపై, తడి యారిన పిమ్మట, తెల్లని మరకలు నిలుచును. పూర్వము మన పల్లెలలో స్త్రీలు పప్పు ఉడుకు బావిని, ఉడకని బావిని వేరువేరుగా గుర్తించి, వంటనీటికి ఎంత దూరమైనను మొదటి బావికే పోయెడివారు. రసాయన శాస్త్రము కఠిన జలమని పేరు పెట్టినది ఆ రెండవ బావి నీటికే.

వాననీరు స్వభావముచేత మృదువైనది. అది గాలినుండియు, మట్టినుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి నేలలో దిగునప్పుడు సున్నపు పదార్థములను కరిగించుకొనును. కాల్షియము, మెగ్నీషియము అను రెండు ధాతువుల లవణములే కాఠిన్యమునకు మూలము. ఢిల్లీ చుట్టును పరచుకొనియున్న ఒండ్రునేలలో సున్నపు గులకలు విస్తారముగా గలవు. అందుచేత గొట్టపు బావుల నీరు కఠినముగా నుండును. యమునానది నుండి వజీరాబాదు వద్దను, గంగానది నుండి మురాద్‌నగర్ మీదుగాను నగరమునకు వచ్చు నీటిలో ఈ గుణము తక్కువ. నదీజలము చాలని పేటలలో భూగర్భ జలమును కలుపుదురు, లేదా టాంకరులతో తెత్తురు. కాబట్టి ఒకే ఇంటి కుళాయిలో నేటి నీరు ఒక విధముగను, రేపటి నీరు మరియొక విధముగను ఉండవచ్చును. భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో ప్రకటించిన నిర్ణయము ననుసరించి త్రాగునీటి కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాములు మించరాదు. వేరొక ఆధారము లేనిచోట 600 వరకు సహింపవచ్చును.

ఈ నీటివలన మొదట నష్టపడునది కుటుంబపు డబ్బు సంచి. 20 లీటర్ల బకెట్టులో లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యము గల నీరున్నదనుకొనుడు. అందు 6 గ్రాముల సున్నపు పదార్థమున్నట్లు లెక్క. దానిని విరుచుటకే సుమారు 35 గ్రాముల సబ్బు ఖర్చగును. అనగా 100 గ్రాముల బిళ్ళలో మూడవవంతుకు పైగా, బట్టల మురికిని తాకకయే తెట్టెగా మారిపోవుచున్నది. ఆ తెట్టెయే తువాళ్ళను బిరుసుగా చేయును, తెల్లబట్టల తెలుపును మాపును, తలవెండ్రుకలను చిక్కుపరచును. బట్టలు నానవేయు నీటిలో ముందుగా కొద్దిపాటి చాకలి సోడాను కలిపి ఉంచినచో సున్నము విడివడి అడుగునకు దిగును. సబ్బు ఆదా యగును. పట్టుబట్టలకును, ఉన్నిబట్టలకును ఈ పద్ధతి పనికిరాదు. డిటర్జెంటు పొడులకు తెట్టె కట్టు స్వభావము లేదు.

నీటిని కాచునపుడు బొగ్గుపులుసు వాయువు వెలికిపోయి, కరిగియున్న సున్నము మరల రాయియై పాత్రకు అంటుకొనును. గీజరులో వేడిచేయు కడ్డీపై ఈ పొర పేరుకొన్నచో విద్యుత్తు వృథా యగును, కడ్డీయు త్వరగా చెడును. నీటిని మరీ సలసల కాగనీయక మితమైన వేడిలో నుంచుట, ఏటేట మెకానిక్కుచే పొరను తీయించుట మేలు. కెటిలునకు నిమ్మ ఉప్పు కలిపిన వేడినీరు చాలును. పొర పొంగి కరిగిపోవును. స్నానాల గదిలో బ్లీచింగు పొడి వాడిన చోట మాత్రము ఏ ఆమ్లమును పోయరాదు. ఆ రెండును కలిసినచో విషవాయువు పుట్టును.

ఇక ఆరోగ్యము మాట. కెటిలులో రాయి కట్టిన నీరు మూత్రపిండములలోను రాళ్ళు కట్టునను భయము ఇంటింట గలదు. ఇట్లు తలచుట సహజమే గాని, అందుకు నమ్మదగిన ఆధారము లేదు. చాలినంత నీరు త్రాగకపోవుటయే రాళ్ళకు ముఖ్య కారణములలో ఒకటి. నీరు మంచిది కాదని తక్కువగా త్రాగువారు ఏ కీడునకు భయపడుచున్నారో దానినే పిలుచుచున్నారు! ప్రపంచ ఆరోగ్య సంస్థ కాఠిన్యమునకు ఆరోగ్యరీత్యా ఎట్టి పరిమితిని విధింపలేదు. ఎగ్జిమా అను చర్మవ్యాధిగల 336 మంది పిల్లలపై ఇంగ్లండులో జరిపిన పరిశోధన ఫలితములు 2011లో వెలువడినవి. నీటిని మృదువుపరచు యంత్రము పెట్టుటవలన వారి వ్యాధి విశేషముగా తగ్గలేదని తేలినది.

నిజమైన ప్రమాదము మరకవేసి హెచ్చరించునది కాదు. 1955 డిసెంబరు, 1956 జనవరి నెలలలో ఢిల్లీ నగరమున సుమారు 29,000 మంది కామెర్ల వాత బడిరి. యమున పాయ మారుటచే నజఫ్‌గఢ్ కాలువ మురుగు, వజీరాబాదులో నగరమునకు నీరు తోడు చోటికి చేరెను. ఆ వ్యాధి హెపటైటిస్-ఇ అని చాలకాలమునకు తెలిసినది. గర్భిణీ స్త్రీలకు అది మిక్కిలి ప్రాణాపాయకరము. నాటి నీటి కాఠిన్యమును ఎవరు ఎన్నిమార్లు కొలిచినను ఆ ముప్పు బయటపడెడిది కాదు.

నల్లగొండ వారికి ఫ్లోరైడు సంగతి చెప్పనక్కరలేదు. ఢిల్లీ పరిసరములలోని కొన్ని గొట్టపు బావులలోను ఫ్లోరైడు, నైట్రేటు మితిమీరి యుండుటను కేంద్ర భూగర్భజల మండలి గుర్తించినది. ఇవి రుచికి తెలియవు, కాచినను పోవు. బోరునీటిపై ఆధారపడు ఇండ్లవారు ప్రయోగశాలలో కాఠిన్యముతో పాటు ఈ రెంటిని, సూక్ష్మజీవులను గూడ పరీక్ష చేయించుట అవసరము.

యంత్రముల నమ్మకమునకు వచ్చువారు చూపు ప్రదర్శన యొకటి కలదు. గ్లాసులోని కుళాయి నీటిలో ఇనుపకడ్డీలు ముంచి విద్యుత్తు పంపినచో నీరు గోధుమరంగు తిరిగి గృహిణి గుండె గుభేలుమనును. ఆ మురికి నీటిది కాదు. కడ్డీల ఇనుమే కరిగి తుప్పుగా తేలినది. లవణములు లేని నీటిలో విద్యుత్తు సాగదు గనుక, యంత్రము వడకట్టిన నీరు తేటగా నిలుచును. కలము వంటి మీటరు కూడ కరిగిన లవణములనే సూచించును, సూక్ష్మజీవులను లెక్కింపదు.

ఆర్.ఓ. యంత్రము ఫ్లోరైడు, నైట్రేటు, ఉప్పదనము హెచ్చుగా నున్నచోట ఉపకారియే. కరిగిన లవణములు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించని చోట్ల దాని వాడుకను నిషేధింపవలెనని 2019లో జాతీయ హరిత న్యాయాధికరణము కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించినది. అది మేలైన నీటిలోని ఖనిజములను గూడ తీసివేయును. త్రాగు నీటికంటె ఎక్కువ నీటిని తూమునకు విడుచుటయు పరిపాటి. ఇంటి నీటినంతయు మృదువుపరచు యంత్రము వేరు. అది కాల్షియమును తీసి బదులుగా సోడియమును ఇచ్చును. రక్తపుపోటు గలవారున్న ఇంట వంటింటి కుళాయిని దానికి కలుపక విడిగా నుంచుట మంచిది. పప్పునకు మాత్రము కాచి తేర్చిన నీరు చాలును. చింతపండు పులుసును పప్పు ఉడికిన తరువాతనే పోయవలెను. చిటికెడు వంటసోడా పప్పును త్వరగా ఉడికించును గాని, అందలి బి విటమినును కొంత హరించును. ఆర్.ఓ. యంత్రము విడిచిన నీటిని బకెట్టులో పట్టి నేల తుడుచుటకును, మరుగుదొడ్డికిని వాడుకొనవచ్చును. కుండీలలోని మొక్కలకు నిత్యము పోసినచో మట్టిలో లవణములు పేరుకొని వేళ్ళు దెబ్బతినును.