పిల్లి తిండి - తొందర

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ నెరుగని తెలుగు విద్యార్థి అరుదు. కాగిన పాలలో మూతి కాలిన ఆ పిల్లి, పిదప పాలగిన్నెను చూడగానే పరుగిడెడిది. కథ నవ్వించును, కాని తిండికి తొందరపడు జీవికి భయము మందు కాదు.

పిల్లి తొందరకు దాని దేహనిర్మాణమే కొంత కారణము. దానికి 30 పండ్లు గలవు. అవి మాంసమును కోయుటకే గాని, మనవలె నమలి పిండిచేయుటకు తగినవి కావు. దవడయు ప్రక్కలకు అంతగా కదలదు. స్వేచ్ఛగా తిరుగు పిల్లి ఎలుకవంటి చిన్న జంతువులను దినమున పలుమారులు వేటాడి, కొంచెము కొంచెముగా తినును. ఇంటిలో మనము పూటకు చాలినదంతయు ఒక్కసారే ముందుంచుదుము. ప్రక్కన మరియొక పిల్లి యున్నచో ఆకలికి పోటీ తోడగును. గబగబ మ్రింగిన ఆహారము అరగకయే వెంటనే బయటపడును. ఇల్లాలు కసరును, పిల్లి ఆకలితో మిగులును.

ఉపాయము సులభము. దినమునకు కావలసిన తిండిని నాలుగైదు భాగములు చేసి పెట్టవలెను. లోతు గిన్నెకు మారుగా వెడల్పైన పళ్ళెములో పలుచగా పరచవలెను. లేదా గిన్నె నడుమ, నోట పట్టనంత పెద్ద గుండ్రాయిని కడిగి యుంచవలెను. రాతిచుట్టును వెదకి తినుటలో వేగము తగ్గును. పిల్లులు అనేకమైనచో, ఒకదాని కొకటి కనబడని చోట్ల వేరువేరుగా పెట్టవలెను.

ఇంత చేసినను వాంతులు మానక, ఎంత తినినను చిక్కిపోవుచున్నచో అది తొందర కాదు, రోగము, పశువైద్యునకు చూపవలెను. తిండిపోతుతనమని మనము కసరుకొనునది, ఒక్కొక్కప్పుడు నోరులేని ప్రాణి మొర కావచ్చును.