కొండ వాలులో క్యాబిన్ ట్రాక్టర్: ప్రాణం కాపాడే జాగ్రత్తలు

పాడేరు, అరకు వంటి కొండ ప్రాంతాల్లో సబ్సిడీపై చిన్న ట్రాక్టర్ తీసుకున్న రైతు సోదరులు, సోదరీమణులు, అద్దె యంత్రాల కేంద్రాల సభ్యులు ఇది తప్పక చదవండి. బండి నడిపేవారికి చదివి వినిపించండి.

క్యాబిన్ ఉంటే భయం లేదా?

బలమైన ఫ్రేమ్ ఉన్న క్యాబిన్, బండి బోల్తా పడినా మీ చుట్టూ ఖాళీ మిగిలేలా చూస్తుంది. కానీ సీటు బెల్టు పెట్టుకోకపోతే మీరు సీట్లోంచి ఎగిరిపడతారు, తలుపులోంచి బయటపడి బండి కిందే నలిగిపోవచ్చు. బెల్టు, క్యాబిన్ రెండూ కలిస్తేనే రక్షణ. పైగా క్యాబిన్ బరువు పైభాగంలో ఉంటుంది కాబట్టి బండి తొందరగా ఒరుగుతుంది.

బయల్దేరే ముందు

• నేలను నడిచి చూడండి. గుంతలు, రాళ్లు, మొద్దులు, తడి గడ్డి ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి.
• రెండు బ్రేకు పెడళ్లను కలిపి లాక్ చేయండి. ఒక్క చక్రానికే బ్రేకు పడితే బండి తిరిగిపోతుంది.
• మడ్‌గార్డు మీద పిల్లలనే కాదు, ఎవరినీ ఎక్కించకండి.

వాలులో నడిపేటప్పుడు

1. వీలైనంతవరకు వాలుకు అడ్డంగా కాక, నిలువుగా పైకీ కిందకీ నడపండి.
2. దిగే ముందే చిన్న గేరు వేయండి, ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే అదీ వేయండి. దిగుతూ క్లచ్ తొక్కినా, న్యూట్రల్ చేసినా ఇంజిన్ పట్టు పోయి బండి జారిపోతుంది. డీజిల్ మిగులుతుందని ఈ పని చేయకండి.
3. బాగా నిటారుగా ఉన్న చోట రివర్సులో ఎక్కండి, ముందుకు దిగండి. అప్పుడు బరువైన వెనకభాగం పైవైపు ఉంటుంది.
4. మలుపులో నిదానం. వేగం రెట్టింపైతే బండిని పడేసే బలం నాలుగింతలవుతుంది.
5. లోడర్ బకెట్, వెనక పనిముట్లు నేలకు దగ్గరగా ఉంచండి.
6. ఏది లాగినా డ్రాబార్‌కే కట్టండి. టాప్ లింకుకో, ఇరుసుకో కడితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది.
7. మడి గట్టు, కాలువ అంచులకు దగ్గరగా వెళ్లకండి. కాలువ ఎంత లోతుంటే కనీసం అంత దూరం వదలండి.
8. బ్రేకుల్లేని ట్రాలీ నిండా లోడేసుకుని వాలు దిగకండి. అది వెనకనుంచి నెట్టి, బండిని అడ్డం తిప్పేస్తుంది.

బండి ఒరుగుతుంటే

ముందు చక్రాలను వెంటనే పల్లం వైపు తిప్పండి. అయినా పడిపోతుంటే దూకకండి. చాలామంది దూకే ప్రాణం పోగొట్టుకుంటారు. బెల్టు మీదే ఉండనిచ్చి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని కూర్చోండి. బండి ఆగాక ఇంజిన్ ఆపి, జాగ్రత్తగా బయటికి రండి. దెబ్బ తగిలితే 108కి ఫోన్ చేయండి.

వాన పడ్డ రోజు వాలు పని వాయిదా వేయండి. దుక్కి రేపు దున్నుకోవచ్చు, మనిషి పోతే తిరిగి రాడు.