కేజీ దాటిన కేసు, ఏడేళ్ల గీత

మన్యం నుంచి మైదానానికి దిగే దారుల్లో అల్లూరి సమాధి ఉన్న కృష్ణదేవిపేట ఒకటి. ఇక్కడ పోలీసులు బండ్లు ఆపి వెతికేది ఎక్కువగా గంజాయి కోసమే. కూలికి మూట మోస్తూ రెండు కేజీల సరుకుతో ఒకడు దొరికాడనుకుందాం. కేజీ వరకు అయితే శిక్ష గరిష్ఠంగా ఏడాది. కేజీ దాటి 20 కేజీల లోపు ఉంటే పదేళ్ల వరకు. 20 కేజీలు దాటితే పదేళ్లకు తగ్గదు, 20 ఏళ్ల దాకా పోతుంది. అంటే మన కూలీ మీద ఉన్నది పదేళ్ల కేసు.

2020 మార్చి 23న సుప్రీంకోర్టు కరోనా భయంతో జైళ్ల గురించి ఆదేశాలిచ్చింది. అప్పటికి దేశంలో 1,339 జైళ్లు, వాటిలో 4,66,084 మంది ఉన్నారని కోర్టే లెక్క చెప్పింది. వందమంది పట్టే చోట సగటున 117 మందికి పైగా ఉన్నారు. పక్కపక్కనే పడుకునే బ్యారక్‌లో ఆరడుగుల దూరం మాట ఎక్కడిది? ఎవరిని తాత్కాలికంగా వదలాలో తేల్చడానికి ప్రతి రాష్ట్రంలో ఉన్నతాధికార కమిటీ వేయమంది. ఏడేళ్లు, అంతకు తక్కువ శిక్ష పడే నేరాల వాళ్లను వదలవచ్చని ఉదాహరణ ఇచ్చింది.

ఆ గీత దగ్గరే మన కూలీ ఆగిపోతాడు. ఊపిరితిత్తుల జబ్బున్నా, వయసు మళ్లినా, ఆ గీత ప్రకారం ముందు చూసేది సెక్షనే. కోర్టు ఇచ్చింది ఉదాహరణే, నేర తీవ్రతతో పాటు ఇతర అంశాలూ చూడవచ్చంది. కాబట్టి వయసు, జబ్బు మొదటి గడిలో రాసుకునే వీలు కమిటీలకు ఉండేది. ప్రాణాపాయాన్ని కొలవడానికి శిక్షాకాలం పనికిరాని కొలబద్ద అని నా గట్టి నమ్మకం.

కవి వరవరరావు సంగతే చూడండి. ఎనభైకి దగ్గరపడిన మనిషికి 2020 జూలైలో తలోజా జైలు ఖైదీగా ఉండగా కరోనా తేలింది. ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసు కాబట్టి బొంబాయి హైకోర్టు నుంచి ఆరునెలల వైద్య బెయిలు దక్కేసరికి 2021 ఫిబ్రవరి 22 వచ్చింది. దేశమంతా తెలిసిన కవికే ఏడు నెలలు పడితే, పేరు లేని ముద్దాయి ఎక్కడ నిలబడాలి?

రెండో అల వచ్చాక, 2021 మే 7న, కొత్త విడుదలలను కమిటీలు పరిశీలించాలంటూనే, అంతకుముందు వదిలిన వాళ్లను మళ్లీ వెంటనే వదలమని సుప్రీంకోర్టు చెప్పింది. పాత జాబితాలో లేనివాడి సంగతి మళ్లీ కమిటీ చేతిలోనే మిగిలింది. 2023 మార్చి 24న, అలా బయటికొచ్చిన వాళ్లంతా 15 రోజుల్లో లొంగిపోవాలని కోర్టు చెప్పింది.

నాలుగు రోజులకే, మార్చి 28న, ఇంకో తీర్పు వచ్చింది. ఏడేళ్లకు పైగా విచారణ ఖైదీగా మగ్గిన గంజాయి కేసు ముద్దాయికి బెయిలిస్తూ, మత్తుమందుల చట్టం 37వ సెక్షన్ అడ్డున్నా, విచారణలో విపరీత జాప్యం జరిగితే బెయిలు ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. మన కూలీలాంటి వాళ్ల విచారణ ఏళ్ల తరబడి సాగితే లాయర్లు ఈ తీర్పు చూపాలి. జైల్లో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పొందే హక్కుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు జైలు నుంచే అర్జీ పెట్టుకోవచ్చు.