ఒకే జట్టులో ఆడ, మగ: జపాను వెదురు కత్తి ఆట

జపానులో కెండో అని ఒక ఆట ఉంది. వెదురు కత్తులతో ఆడతారు. మన కర్రసాముకు దూరపు చుట్టం అనుకోండి. జట్టుకు ఐదుగురు. కొన్ని పోటీల్లో ఆ ఐదుగురిలో ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసే ఉంటారు. వరసలో నిలబడి, ఎదుటి జట్టులో తమ నంబరుకు ఎవరు వస్తే వాళ్ళతో తలపడతారు. ఆడపిల్లకు మగపిల్లాడు ఎదురు రావచ్చు. ఇక్కడ మన సోలాపూర్ పేటల్లో పిల్లల కర్రసాము జట్ల మీద గొడవ నడుస్తుంది కాబట్టి, ఆ ఆట సంగతి నాలుగు మాటలు రాయాలనిపించింది.

గొడవ ఏందంటే, మా పేటలో ఒక వస్తాదు సాయంత్రం పూట పిల్లలకు కర్ర తిప్పుడు నేర్పిస్తడు. ఆడ, మగ అందరూ పోతారు. ఇప్పుడు పేటల మధ్య పోటీ పెట్టుకున్నారు. ఐదుగురి జట్టు, అందులో ఒక్క ఆడపిల్లన్నా ఉండాలని మాట. మా మనవరాలికి పదమూడేళ్ళు. వస్తాదు దాని పేరు రెండో నంబరులో రాసిండు. "రెండోది అయితే ఓడినా జట్టుకు దెబ్బ తగలదు" అన్నడట. ఇంట్లో నా కొడుకేమో "మగపిల్లలతోటి కలిసి కర్ర పట్టుడేంది" అని మొఖం మాడ్చుకున్నడు. పిల్లకు రెండు దిక్కులా కోపం. అప్పుడు అది ఫోన్ తెచ్చి "నాయనమ్మా, ఇది చూడు" అని నాకు కెండో చూపించింది. నేను నాలుగో తరగతితో బడి మానినదాన్ని. పిల్ల చదివి చెప్తే విన్న, అర్థం కాని కాడ మళ్ళీ అడిగిన. అట్ల నెల రోజులు చూసిన.

నా కన్ను ముందు పడ్డది బట్ట మీద. ముప్పై ఏళ్ళు నూలు మధ్య బతికినదాన్ని, ఇంకెక్కడ పడతది! వాళ్ళు పైన తొడిగే అంగీ మందం నూలు బట్ట, రెండు పొరలు కలిపి నేసినట్టు గట్టిగా ఉంటది. నీలిమందులో ముంచి ముంచి తీస్తారు. సైతామా అనే ప్రాంతంలో హన్యు అని ఊరుంది, ఇట్లాంటి నీలి బట్టకు అది పేరున్న ఊరు. కొత్త అంగీ తొడిగితే చెమటకు రంగు దిగి చేతులు, మెడ నీలంగా అయితయి. మన రంగు ఖాతాలో పనిచేసినోళ్ళ చేతులు గుర్తుకొచ్చినయి. కింద లంగా లాంటి వెడల్పు లాగు, ముందు ఐదు మడతలు. ఆడవాళ్ళకు, మగవాళ్ళకు అదే అంగీ, అదే లాగు. దాని మీద నడుముకు, ఛాతికి, చేతులకు కవచాలు. నెత్తికి, ముఖానికి ఇనుప కడ్డీల ముసుగు. ముసుగు పెట్టినాక లోపల ఆడమనిషా, మగమనిషా అని చెప్పడం కష్టం. నడుము కవచం మీద ఒక బట్ట సంచి తొడుగుతారు, దాని మీద మనిషి పేరు, ఊరు పేరు ఉంటాయి. దాన్ని చూసే ఎవరో తెలుసుకోవాలి.

ఇక ఆట. చేతిలో కత్తిని షినాయ్ అంటారు. నాలుగు వెదురు బద్దలు కలిపి తోలుతో కట్టింది. పెద్దవాళ్ళ షినాయ్ పొడవు 120 సెంటీమీటర్లు దాటొద్దు, అది ఆడ మగ ఇద్దరికీ ఒకటే. బరువు మాత్రం తేడా: మగవాళ్ళది 510 గ్రాములకు తక్కువ కావద్దు, ఆడవాళ్ళది 440కి తక్కువ కావద్దు. డెబ్బై గ్రాముల తేడా. మా కాలంలో నిండు కండెకు, సగం కండెకు ఉన్నంత తేడా అనుకోండి.

కొట్టే చోట్లు నాలుగే: నెత్తి, ముంజేయి, పక్కటెముకల కాడ కవచం, గొంతు కాడ పొడుపు. గొంతు పొడుపు చిన్నపిల్లల పోటీల్లో ఉండదు. ముగ్గురు జడ్జీలు ఉంటారు, చేతిలో ఎర్ర జెండా ఒకటి, తెల్ల జెండా ఒకటి. ముగ్గురిలో ఇద్దరు ఒకే రంగు ఎత్తితేనే పాయింటు. ఇక్కడే నాకు ఈ ఆట మీద మనసు పడ్డది. గట్టిగా కొట్టినందుకు పాయింటు రాదు. నోట అరుపు, కత్తి, అడుగు మూడూ ఒక్కసారే పడాలి. కత్తి సరైన భాగం సరైన చోట తగలాలి. కొట్టినాక కూడా ఒళ్ళు జాగ్రత్తగా ఉండాలి, ఎదుటివాడు మళ్ళీ కొడతడేమో అన్నట్టు. కొట్టిన సంబరంలో చేతులు పైకెత్తి గంతులేస్తే ఇచ్చిన పాయింటు వెనక్కి తీసుకుంటారు. మన కబడ్డీ పిల్లలకు ఈ రూలు పెడితే సగం ఆటలు సున్నా.

బలం అక్కరకు రాదని మాత్రం అనను. ఇద్దరూ దగ్గరికొచ్చి కత్తి పిడులు తాకించుకుని నెట్టుకుంటారు, ఒళ్ళుతో గుద్ది వెనక్కి తోస్తారు. అక్కడ బరువున్న మనిషిదే పైచేయి. అందుకే పెద్ద పోటీలు ఆడ, మగ విడివిడిగా పెట్టారు. జపాను మొత్తం పోటీ 1953లో మొదలైంది, ఆడవాళ్ళకు వేరే పోటీ 1962లో వచ్చింది. ప్రపంచ పోటీలు 1970లో మొదలైనయి, మూడేళ్ళకొకసారి జరుగుతాయి. అందులో ఆడవాళ్ళకు చోటు దొరకడానికి దగ్గర దగ్గర ముప్పై ఏళ్ళు పట్టింది. ఇప్పటికీ అక్కడ ఆడవాళ్ళ జట్టు వేరు, మగవాళ్ళ జట్టు వేరు. కలిసిన జట్లు ఉండేది కింది మెట్టు మీద. జపానులో చిన్నబడి పిల్లల పోటీల్లో ఆడపిల్లలు, మగపిల్లలు ఒకే జట్టులో దిగుతారు. యూరపు, అమెరికా దేశాల్లో ఊరి క్లబ్బులు పెట్టుకునే పోటీల్లో పెద్దవాళ్ళు కూడా కలిసి దిగుతారు. చిన్న క్లబ్బుల్లో ఐదుగురు మగవాళ్ళు దొరకాలన్నా కష్టమే, కలవకపోతే జట్టే నిలవదు.

ఒలింపిక్సులో కెండో లేదు. జూడో ఉంది. టోక్యోలో 2021లో జరిగినప్పుడు జూడోలో కలిపిన జట్ల పోటీ మొదటిసారి పెట్టారు, ముగ్గురు ఆడ, ముగ్గురు మగ. ఫైనల్లో ఫ్రాన్సు వాళ్ళు జపానును వాళ్ళ సొంత ఊళ్ళోనే ఓడించారు, 4-1తో. కానీ అందులో ఆడమనిషి ఆడమనిషితోనే పడుతుంది, మగవాడు మగవాడితోనే. జట్టు కలిసింది గానీ కుస్తీ కలవలేదు. కెండో కలిపిన జట్టులో అట్ల కాదు. కొన్ని చోట్ల ఈ నంబరు ఆడవాళ్ళకే అని రాసిపెడతారు, అప్పుడు జూడో లెక్కే. రాయని చోట ఎవరికి ఎవరు పడితే వాళ్ళే.

మరి మగవాడు ఎదురొస్తే ఆడపిల్ల ఏం చేస్తది? దీనికి జట్టు లెక్క తెలియాలి. ఒక్కో ఆటలో రెండు పాయింట్లు ముందు కొట్టినోళ్ళు గెలిచినట్టు. టైము అయిపోయేటప్పటికి ఒక్క పాయింటు ఎక్కువున్నా గెలుపే. సమానంగా ఉంటే? జట్టు పోటీలో దాన్ని అట్లనే సమానం అని రాసి, తరవాతి జతను పిలుస్తారు. ఐదు ఆటలూ అయినాక ఎవరు ఎక్కువ ఆటలు గెలిచారో చూస్తారు. అదీ సమానమైతే పాయింట్లు లెక్కబెడతారు. అదీ సమానమైతే జట్టుకొకరు వచ్చి ఆఖరి ఆట ఆడతారు. అంటే గెలవడం ఒక పని, ఓడకుండా నిలబడటం ఇంకొక పని. ఎదుటి జట్టులో బలమైన మనిషిని పాయింటు తీయనియ్యకుండా టైము అయ్యేదాకా ఆపితే, వాళ్ళ బలం అక్కడ వృథా అయినట్టే. తన కన్నా బరువున్న మగవాణ్ణి అట్ల ఖాళీ చేతులతో తిప్పి పంపిన ఆడపిల్లను నేను ఫోన్లో చూసిన. పుస్తకంలో ఆమె పేరు ముందర ఏమీ రాయరు. జట్టు మాత్రం లేచి నిలబడి తలలు వంచింది.

ఐదు చోట్లకు ఐదు పేర్లున్నాయి. మొదటిది సెంపో, దండుకు ముందు నడిచేవాడు. రెండోది జిహో, అంటే తరవాతివాడు, అంతే. మూడోది చూకెన్, నడిమి వెన్నెముక. నాలుగోది ఫుకుషో, చిన్న సేనాపతి. ఐదోది తైషో, సేనాపతి. మొదటివాడికి దూకుడు ఉండాలి, ఆఖరివాడికి నిబ్బరం. చాలా జట్లలో కొత్తవాళ్ళను, బలం తక్కువ అనుకున్నవాళ్ళను రెండో చోట దాస్తారు. మా వస్తాదు కెండో పేరు కూడా వినలేదు, అయినా లెక్క అదే వేసిండు చూడండి. దేశాలు ఏవైనా ఆడపిల్లను దాచే చోటు ఒకటే ఉన్నట్టుంది.

నాకు ఈ రెండో నంబరు బాగా తెలుసు. గిర్నీలో నా చోటు వైండింగ్ ఖాతా. ఆడవాళ్ళందరం అక్కడనే. సాంచలు మగవాళ్ళవి. రాత్రి పాళీ మగవాళ్ళది, 1948 ఫ్యాక్టరీ చట్టం ఆడవాళ్ళను రాత్రి ఏడు తరవాత ఉంచొద్దంది. మంచికే పెట్టిన చట్టం కావచ్చు. కానీ పగార్ లెక్క కాడికి వచ్చేసరికి వైండింగ్ అంటే "కూర్చుని చేసే పని". మా కండె మీద ముడి సరిగ్గా పడకపోతే సాంచ మీద పేక తెగి నేసేటాయన గంటకు పదిసార్లు ఆగాలి. ఆ సంగతి నేసేటాయనకు తెలుసు, మాకు తెలుసు. పగార్ చిట్టీకి తెలియదు. గిర్నీ మూతబడ్డాక టవల్ కార్ఖానాలోకి పోయిన, అక్కడా కండెలే చుట్టిన. కుదిరిన చోట కుదిరిన పని చేసినందుకు నాకు బాధ లేదు. ఎవరినీ ఇంకో చోట నిలబెట్టి చూడకుండానే చోటు రాసేసుడు మాత్రం నాకు ఒప్పదు.

అదే వస్తాదుతో అన్న. "పిల్ల ఓడితే ఓడనియ్యి. కానీ రెండోది ఎందుకు రాసినవ్? ఐదుగురినీ ఐదు చోట్ల ఆడించి చూసినవా?" అన్న. ఆయన చెడ్డోడు కాదు. "అమ్మా, పిల్లకు దెబ్బ తగిలితే మీరే నా మీదికి వస్తరు కదా" అన్నడు. అదీ నిజమే. ఎదిగే వయసులో ఇద్దరు పిల్లల మధ్య పది కిలోల తేడా ఉండొచ్చు, ఒళ్ళుతో తోసుకునే ఆటలో అది చిన్న సంగతి కాదు. జపాను పిల్లల ఆటలో గొంతు పొడుపు తీసేసింది ఇట్లాంటి భయంతోనే. మనం కూడా పిల్లలకు ఒళ్ళుతో గుద్దుడు తీసేద్దామని మాట్లాడుకున్నం. కర్రతో మాత్రమే. అందుకు పక్క పేట వస్తాదు కూడా ఒప్పుకున్నడు.

నా కొడుకు సంగతి వేరు. వాని భయం దెబ్బ కాదు, నలుగురి నోళ్ళు. వానికి నేను ఏమీ చెప్పలేదు, ఫోన్ చూపించిన. ఇద్దరు ముసుగు మనుషులు కొట్టుకుంటున్నారు. "ఇందులో ఆడమనిషి ఎవరు చెప్పు" అన్న. ఎర్ర రిబ్బను కట్టుకున్నాయన అన్నడు. ఆట అయినాక ముసుగులు తీసిరి. ఇద్దరూ ఆడవాళ్ళే. వాడు నవ్వి లేచి పోయిండు. ఒప్పుకున్నట్టా కాదా నాకు తెలియదు, మరునాడు పిల్లను సైకిల్ మీద దింపి మాత్రం వచ్చిండు.

మొన్న ఆదివారం వస్తాదు ఐదుగురినీ చోట్లు మార్చి మార్చి ఆడించిండు. మా పిల్ల మొదటి చోట ఆడినప్పుడు తొందరపడి రెండుసార్లు ఓడింది. మూడో చోట ఒక ఆట గెలిచి, రెండు సమానం చేసింది. ఇప్పటికి మూడో నంబరు రాసిండు, పోటీ దాకా మారొచ్చు. మొదటి చోటుకు ఇంకో ఆడపిల్ల, బీడీలు చుట్టే ఇంటి పిల్ల, గట్టిగా అరుస్తది, కాలు ఆగదు. అట్ల జట్టులో ఇద్దరయిండ్రు. ఒక్కరుండాలన్న రూలు ఎవరికీ యాదికి లేదు.

ఒక పని మిగిలింది. పిల్లలకు ముసుగులు లేవు, మూడు క్రికెట్ హెల్మెట్లు ఉన్నాయి, అందరూ మార్చుకుని పెట్టుకుంటున్నారు. ఒకరి చెమట ఇంకొకరికి. కెండోలో ముసుగు కింద నెత్తికి పలచని నూలు గుడ్డ కడతారు, తెనుగుయ్ అంటారు, ఇంచుమించు మూడడుగుల పొడవు, అడుగు చిల్లర వెడల్పు. చెమట కంట్లో పడకుండా, ముసుగు జారకుండా ఆపుతది. మన దగ్గర టవళ్ళకు కరువా! కానీ ఉంగరాల టవల్ వద్దు, మందమై హెల్మెట్ పట్టదు. సాదా నేత పంచె గుడ్డ అయితే సరిపోతది. కొలత కోసి అంచు కుట్టి పదిహేను తయారు చేసిన, ఇంకో పది కావాలి. ఇంట్లో పాత నూలు పంచెలు ఉన్నవాళ్ళు ఉతికి ఇయ్యండి. పాలిస్టర్ కలిసినవి వద్దు, చెమట పీల్చదు.